కొత్త హైస్కూలు రోడ్డుకు ఏ పక్కన?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు నన్ను పిలిచి, "నువ్వు ఇంజనీరువి కదా, జూబ్లీ గుర్తుగా ఏం కట్టిద్దామో ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. గేటు ముందు కమాన్ కట్టాలని కొందరు, స్టేజీ మీద రేకుల షెడ్డు వేయించాలని కొందరు అప్పటికే అనుకుంటున్నారు. అవి వద్దని నేను అనను. కానీ కమాన్ కిందనుంచి పిల్లలు రావాలి కదా. ఆ పిల్లలు ఎక్కడున్నారు, ఏ తొవ్వన వస్తున్నారు, ఇంకో పదేళ్లకు ఎంతమంది అవుతారు అన్నది ఎవరైనా ఆలోచిస్తున్నారా? నా మాటలన్నీ దాని గురించే.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈ బడిలో చేరింది ఎనిమిదో తరగతిలో. అప్పట్లో మా ఊళ్లో ఏడో తరగతి దాకే ఉండేది. చిట్యాల మాకు నాలుగు కిలోమీటర్లు. సగం దూరం చెలకల మధ్య బాట, మిగతా సగం హైదరాబాద్–విజయవాడ రోడ్డు. నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క ఏడో తరగతి పరీక్షలో మా ఊరి బడిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మా నాయిన ఒకటే మాట అన్నాడు: "ఆడపిల్లను ఆ లారీల రోడ్డు మీద రోజూ ఎట్ల పంపుతం?" అక్క చదువు అక్కడితో ఆగింది. రెండేళ్ల తర్వాత నన్ను మాత్రం పంపారు. నా లెక్కల పుస్తకం తెరిచి అక్క నాకు చెప్పేది. తను చదవని ఎనిమిదో తరగతి లెక్కలు తనే సొంతంగా నేర్చుకుని నాకు నేర్పింది.

ఇది మా ఇంట్లో ఒక్కరి కథే అయితే ఇక్కడ చెప్పేవాణ్ని కాదు. ఈ సభలో యాభై దాటిన మగవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇట్లాంటి అక్కో చెల్లెలో ఉంటారు.

తర్వాత 2009లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ తెచ్చింది. ప్రతి నివాస ప్రాంతానికి అయిదు కిలోమీటర్ల లోపల హైస్కూలు ఉండాలన్నది దాని లక్ష్యం. మంచి లక్ష్యమే. కానీ ఆ కొలతతో చూస్తే మా అక్కకు హైస్కూలు దూరమే కాదు! నాలుగు కిలోమీటర్లే కదా. కాగితం మీద మా ఊరికి ఏ లోటూ లేదు. స్కేలు పెట్టి కొలిస్తే దూరం తెలుస్తుంది గానీ, మధ్యలో ఏముందో తెలియదు. బడి ప్లానింగ్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం మా ఇంట్లోనే నేర్చుకున్నాను. అది అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన ఊరి సంగతి చూద్దాం. మనం చదువుకున్నప్పుడు చిట్యాల ఒక పెద్ద గ్రామం. 2018లో మున్సిపాలిటీ అయింది. అప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి నేడు 65 నంబరుతో నాలుగు వరుసలైంది. ఊరి దగ్గరే బీబీనగర్–నడికుడి రైలుమార్గం ఆ రోడ్డును దాటుతుంది. చౌటుప్పల్ మీదుగా రీజినల్ రింగు రోడ్డు వస్తోందంటే ఇక్కడిదాకా భూముల ధరలు కదిలాయి. పత్తి చేలు, కంది చేలు ఉన్నచోట రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. ఇల్లు కట్టుకున్నవాళ్లు వస్తారు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు కిరాయికి వస్తారు. వాళ్లతో పిల్లలు వస్తారు.

ఎంతమంది పిల్లలు? దీనికి జోస్యం అక్కర్లేదు. కూడికలు, గుణకారాలు చాలు. తెలంగాణలో ఏడాదికి వెయ్యి మంది జనాభాకు సుమారు 16 మంది పుడుతున్నారు. అంటే పదివేల మంది ఉన్నచోట ఏడాదికి 160 మంది. ఆరు నుంచి పది దాకా అయిదు తరగతులు కాబట్టి, హైస్కూలు వయసు పిల్లలు సుమారు 800 మంది. వీళ్లలో సగం మంది ప్రైవేటు బడులకు, గురుకులాలకు పోతారనుకుందాం. మిగిలింది 400. తరగతికి 40 మంది చొప్పున పది సెక్షన్లు. అంటే, సగం మందిని వదిలేసినా, ప్రతి పదివేల జనాభాకు తరగతికి రెండు సెక్షన్లున్న ఒక పూర్తి హైస్కూలు కావాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలైతే ఇంకా ఉదారంగా ఉన్నాయి. ప్రతి 7,500 మందికి ఒక సీనియర్ సెకండరీ స్కూలు, దానికి 1.8 హెక్టార్లు, అంటే దాదాపు నాలుగున్నర ఎకరాలు ఉండాలంటాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నిన్న భోజనాల దగ్గర ఒక తమ్ముడు నన్ను అడగనే అడిగాడు. "అన్నా, ఉన్న సర్కారు బడుల్లోనే పిల్లలు తగ్గుతున్నరు. పొద్దున ఏడు గంటలకు పసుపు రంగు బస్సులు వాడవాడకూ వస్తున్నయి. కొత్త బడి ఎవరికి?" న్యాయమైన ప్రశ్న. దీన్ని దాటేసి మాట్లాడితే అది ప్రసంగమే అవుతుంది గానీ ప్లాను కాదు.

నా జవాబు రెండు భాగాలు. ఒకటి, పుట్టే పిల్లలు తగ్గుతున్న మాట నిజం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. అందుకే అవసరానికి మించి గదులు కట్టవద్దు. కానీ పల్లె ఖాళీ అయినప్పుడు పట్నం నిండుతుంది. మొత్తం జిల్లాలో పిల్లలు తగ్గవచ్చు, చిట్యాలలో పెరగవచ్చు. జిల్లా సగటు చూసి మన ఊరికి ప్లాను వేయకూడదు. రెండు, పసుపు బస్సు ఎందుకు గెలిచింది? ఇంగ్లీషు మీడియం ఒక్కటే కారణం కాదు. 2022–23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. బస్సు ఇంటి ముందు ఆగుతుంది. తల్లికి కావలసింది అది: పిల్ల రోడ్డు దాటకుండా బడికి చేరడం. కూలికి పోయే తల్లి దానికోసం నెలనెలా డబ్బు కడుతోంది. బడి నడిచిపోయే దూరంలో, రోడ్డుకు ఇవతలే ఉంటే ఆ డబ్బులో కొంతైనా ఆమెకు మిగులుతుంది.

గురుకులాలు ఉన్నాయి కదా అని కూడా అంటారు. గురుకులాల గురించి మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల 1971లో మన పక్కనే సర్వేల్‌లో మొదలైంది. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. తర్వాత ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు దేశమంతా నవోదయ విద్యాలయాలు వచ్చాయి. మన ఉమ్మడి జిల్లాకు చలకుర్తిలో వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇరవై, పాతిక ఎకరాల్లో యంగ్ ఇండియా గురుకులాలు మొదలుపెట్టింది. అన్నీ కావలసినవే. పల్లె నుంచి వచ్చిన ఎంతోమంది పిల్లలను అవి పైకి తెచ్చాయి. కానీ సీటు వచ్చిన పిల్లవాడికే గురుకులం. సీటు రానివాడు, ఇల్లు వదిలి ఉండలేని పిల్ల, సాయంత్రం తల్లికి చేయి సాయం కావలసిన ఇంటి పిల్ల, వీళ్లందరికీ ఊళ్లోని హైస్కూలే దిక్కు. మనం అట్లాంటివాళ్లమే కదా.

ఇక బడి ఎక్కడ పెట్టాలి? 1929లో అమెరికాలో క్లారెన్స్ పెర్రీ అనే ఆయన న్యూయార్క్ ప్రాంతపు ప్లాను కోసం ఒక ఆలోచన రాశారు. పెద్ద రోడ్లు వాడకు హద్దులుగా ఉండాలి, బడి వాడ మధ్యలో ఉండాలి, చిన్నపిల్లలు పెద్ద రోడ్డు దాటే అవసరం రాకూడదు. మన దేశంలో చండీగఢ్ కట్టినప్పుడు సెక్టార్లను ఇదే పద్ధతిలో వేశారు. ఒక్కో సెక్టారు సుమారు 800 మీటర్లకు 1,200 మీటర్లు. బడి, అంగడి, పార్కు లోపలే. వేగంగా పోయే వాహనాలు బయటి రోడ్ల మీద. వాళ్లు ఖాళీ నేల మీద కట్టారు కాబట్టి కుదిరింది. మన ఊరు రోడ్డు పట్టుకుని పెరిగింది. ఊరిని మళ్లీ కట్టలేం. కానీ కొత్త హైస్కూలు జాగా ఎంచుకునేటప్పుడు ఆ ఒక్క సూత్రం పాటించగలం. జాతీయ రహదారికి రెండు పక్కలా వాడలు పెరుగుతుంటే, రెండు పక్కలా ఆరు నుంచి పది దాకా చదువు దొరకాలి. ఫ్లైఓవరు వచ్చినా, అండర్‌పాస్ వచ్చినా ఈ మాట మారదు. వానాకాలం అండర్‌పాస్ లోంచి నడిచినవాళ్లకు ఎందుకో తెలుసు.

ఇదంతా నేను పుస్తకాలు చదివి చెబుతున్నానని అనుకోకండి. తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, వేరే జిల్లాలో, ఒక ఊరికి హైస్కూలు భవనం మంజూరైంది. ఊళ్లో జాగా దొరకలేదు. ఊరికి కిలోమీటరున్నర అవతల, చెరువు శిఖానికి ఆనుకుని ఖాళీ భూమి ఉంది. మార్చి నెలాఖరు లోపల డబ్బు ఖర్చు పెట్టాలి. అందరూ సరే అన్నారు, నేనూ సరే అన్నాను. మార్కింగు నేనే ఇచ్చాను. భవనం గట్టిగా కట్టించాను, ఇప్పటికీ పగులు లేదు. కానీ చెరువు నిండిన ఏడాది బాట మీద మోకాలి లోతు నీళ్లు. ఊరు కనబడని చోటు కాబట్టి సాయంత్రం ఆడపిల్లలు ఒంటరిగా రావడానికి భయపడ్డారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద పోతే ఎనిమిదో తరగతిలో ఉన్న ఆడపిల్లలు పదో తరగతికి సగం కూడా మిగల్లేదు. అక్కడి సారు ఒకాయన నన్ను చూసి నవ్వుతూనే అన్నాడు: "గోడలు బాగనే కట్టిన్రు సార్. తొవ్వ కట్టుడు మరిచిన్రు."

ఆ రాత్రి నాకు మా అక్క గుర్తొచ్చింది. మా నాయిన అన్న మాటే ఆ ఊరి తండ్రులూ అన్నారు. ఈసారి ఆ రోడ్డు వేసింది నేను.

అందుకని ఈ సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాను. మూడింటికీ డబ్బు పెద్దగా కాదు, మనుషులు కావాలి.

మొదటి పని, లెక్క. ఆరో తరగతికి వచ్చే పిల్ల ఎక్కడినుంచో ఊడిపడదు. ఇవాళ అంగన్‌వాడీలో నాలుగేళ్ల పిల్ల ఏడేళ్లకు ఆరో తరగతిలో ఉంటుంది. అంగన్‌వాడీ రిజిస్టర్లు, ప్రైమరీ బడుల హాజరు పట్టీలు దగ్గర పెట్టుకుని, వార్డుల వారీగా, రోడ్డుకు ఏ పక్కనో రాసుకుంటే ఏడేళ్ల ముందుచూపు మన చేతిలో ఉంటుంది. రిటైరైన సార్లు మనలో చాలామంది ఉన్నారు. ఒక వేసవిలో చేయగల పని. ఆ పట్టీ పట్టుకుని పోతే విద్యాశాఖ వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉత్త దరఖాస్తు పట్టుకుపోతే తీసుకుని పక్కన పెడతారు.

ఆ లెక్క తేలాక తొందరపడి కొత్త భవనం అడగవద్దు. ఆ పక్కన ఇప్పటికే ఒక ప్రాథమికోన్నత పాఠశాల ఉండి, దానికి జాగా ఉంటే, దాన్ని హైస్కూలు చేయించడం అన్నిటికంటే సులువు. కానీ పోస్టులు లేకుండా బోర్డు మార్పిస్తే లాభం లేదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం ఏడుగురు, ఒక పీఈటీ, ఒక హెడ్‌మాస్టరు. గదుల కంటే ముందు ఈ తొమ్మిది మందిని అడగాలి.

రెండో పని, భూమి. గది ఎప్పుడైనా కట్టవచ్చు, జాగా పోతే మళ్లీ రాదు. పాత రోజుల్లో ఎందరో పెద్దమనుషులు బడులకు భూమి నోటిమాటతోనో, తెల్లకాగితం మీదనో ఇచ్చారు. ఇచ్చినాయన కాలం చేశాడు, పహాణీలో మాత్రం ఆయన పేరే ఉండిపోయింది. మనవడి కాలానికి గజం ధర పెరిగింది. ఆ తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. మన చుట్టుపక్కల ప్రతి సర్కారు బడికీ సర్వే నంబరు, విస్తీర్ణం, రికార్డులో ఎవరి పేరుందో తీయాలి. కొలతలు వేయించి హద్దురాళ్లు పాతించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఆ నంబర్లు చేర్పించాలి. వకీళ్లు, రెవెన్యూలో పనిచేసినవాళ్లు మన సంఘంలో ఉన్నారు. కమాన్ కంటే ఇదే బడికి పెద్ద కాపలా.

కొత్త జాగా సంగతి. లేఅవుట్ వేసేవాళ్లు పది శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి గిఫ్టు రిజిస్ట్రేషన్ చేయాలి. వదలకుండా అమ్మిన లేఅవుట్లకు 2020 క్రమబద్ధీకరణ పథకంలో ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ పెట్టారు. చార్జీ కట్టించుకోవచ్చు గానీ, ఆ డబ్బుతో అదే వాడలో ఆటస్థలం మొలవదు. పది చిన్న లేఅవుట్లలో పది ముక్కలు వదిలితే అవి పార్కులకు పనికొస్తాయి, హైస్కూలుకు పనికిరావు. ఒక కబడ్డీ కోర్టుకు 13 మీటర్లకు 10 మీటర్లు చాలు. కానీ 400 మీటర్ల పరుగు ట్రాకు వేయాలంటే నాలుగు ఎకరాలకు పైన కావాలి. అందుకే ఊరికి మాస్టర్ ప్లాను వేసేటప్పుడే, రోడ్డుకు రెండు పక్కలా హైస్కూలు జాగాలను రంగు వేసి గుర్తించమని ఇప్పుడే అడగాలి. ప్లాట్లయ్యాక అడిగితే శిఖం భూమే చూపిస్తారు.

భూమి ఇవ్వడం మన నేలకు కొత్త కాదు. 1951లో వినోబా భావే గారు పోచంపల్లికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానం అక్కడ పుట్టింది. అది మన ఉమ్మడి జిల్లా గడ్డే. ఇవాళ వంద ఎకరాలు ఎవరినీ అడగలేం. రోడ్డు పక్క భూములు అమ్ముకుని స్థిరపడ్డవాళ్లు మనలోనూ ఉన్నారు, వాళ్లను రెండు ఎకరాలు అడగడంలో తప్పులేదు. ఇస్తే మాత్రం నోటిమాటగా తీసుకోవద్దు, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఇంకొక మాట. ఊరు పెరిగినకొద్దీ మన పాత బడి జాగా బంగారమవుతుంది. "బడిని ఊరి బయటికి మార్చి, ఇక్కడ కాంప్లెక్సు కడితే కిరాయిలొస్తాయి" అనే మాట ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అంటారు. చాలా ఊళ్లలో అన్నారు. అట్లాంటి మాట వచ్చిన రోజు ఈ సంఘం ఒక్కమాట మీద నిలబడాలి. కొత్త బడులు పాత బడికి తోడుగా రావాలి, దాని బదులుగా రాకూడదు.

మూడో పని, కట్టేటప్పుడు చూసుకోవలసినవి. స్థలం రేపటికి తీసుకోండి, గదులు ఇవాళ్టికి కట్టండి. పునాది మాత్రం రెండంతస్తులకు వేయించండి. పైకి వదిలిన కాలమ్ చువ్వలు తుప్పు పట్టకుండా వాటిని పలచని కాంక్రీటుతో కప్పించండి. మన ఎండకు గదుల పొడవు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు ఉండాలి, వరండా దక్షిణాన ఉండాలి. పడమటి ఎండ తరగతి గదిలో పడితే మధ్యాహ్నం నాలుగో పీరియడ్ తర్వాత ఏ సారు చెప్పినా బుర్రకెక్కదు. ఆడపిల్లల టాయిలెట్లలో నీళ్లు వచ్చిన తర్వాతే కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు ఇవ్వాలి. మన జిల్లా ఫ్లోరైడు బాధ మీకు తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్లు చెట్లకు, టాయిలెట్లకే వాడాలి. తాగడానికి, మధ్యాహ్న భోజనం వంటకు నల్లా నీళ్లే వాడేటట్టు పైపులు మొదట్లోనే వేరు చేయాలి. తర్వాత గోడలు పగలగొట్టి చేయడం ఎవరి వల్లా కాదు.

నా పావుగంట అయిపోయింది. కమాన్ కట్టండి, నా వంతు చందా నేను ఇస్తాను. దానితోపాటు, వచ్చే ఏడాది ఇదే రోజుకు రెండు కాగితాలు ఈ వేదిక మీద చదవాలని అడుగుతున్నాను. ఒకటి, రోడ్డుకు రెండు పక్కలా ఏ వార్డులో ఎంతమంది పిల్లలున్నారో చెప్పే పట్టీ. రెండోది, మన బడుల భూముల సర్వే నంబర్ల పట్టీ. మొదటిదానికి ఇంటింటికీ తిరిగేవాళ్లలో నా పేరు రాసుకోండి.

మా అక్క మనవరాలికి ఇప్పుడు నాలుగేళ్లు. చిట్యాలలోనే, అంగన్‌వాడీకి పోతోంది. మొన్న అక్కను అడిగాను, "ఇది హైస్కూలుకు ఎటు పోతదే?" అని. అక్క రోడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు ఇంజనీరువి గదరా, నువ్వే చెప్పాలె" అంది.

ఆ జవాబు నేనొక్కడినే చెప్పలేను. అందుకే మీ ముందు పెట్టాను. సెలవు.